ఒక జన్యువు వెంట నడుస్తూ జీవశాస్త్ర డేటాబేస్‌లను చదవడం ఎలా

జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ వైపు రావాలనుకునే విద్యార్థులు తరచుగా అడిగే మొదటి ప్రశ్న, ప్రోగ్రామింగ్ భాషలలో పైథాన్ నేర్చుకోవాలా లేక ఆర్ నేర్చుకోవాలా అన్నది. రెండూ పనికి వచ్చేవే. అయితే వాటికంటే ముందు అలవడవలసిన విద్య ఒకటి ఉంది: ఒక డేటాబేస్ రికార్డును పై నుంచి కింది దాకా అర్థం చేసుకుంటూ చదవడం. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మనం అందించిన సీక్వెన్స్ (డీఎన్‌ఏ లేదా ప్రోటీన్ అక్షరాల వరుస) మీదనే పనిచేస్తుంది కనుక, ఆ సీక్వెన్స్ ఏ రికార్డులోదో, ఎన్నవ కూర్పో, అందులో లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుందో తెలియకపోతే ఎంత చక్కని ప్రోగ్రామ్ రాసినా దాని ఫలితాన్ని నమ్మడానికి వీలుండదు. అందుచేత ఇక్కడ ఒకే ఒక మానవ జన్యువును తీసుకుని, దానిని వేర్వేరు డేటాబేస్‌లలో వెతికి, ప్రతిచోటా ఏమి చదవాలో, ఎక్కడ పొరపడే అవకాశం ఉందో చూద్దాం. ఇక్కడ చెప్పిన డేటాబేస్‌లన్నీ ఉచితం, వెతకడానికి ఖాతా కూడా అవసరం లేదు. వెతుకులాట పెట్టెలో పేర్లను ఆంగ్ల అక్షరాలలోనే టైపు చేయాలి. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. దాని అవసరం ముందు ముందు తెలుస్తుంది.

ఏ జన్యువు, ఎందుకు

మనం తీసుకునే జన్యువు పేరు హెచ్‌బీబీ. రక్తంలో ఆక్సిజన్‌ను మోసుకుపోయే హీమోగ్లోబిన్‌లో బీటా గ్లోబిన్ అనే గొలుసును తయారు చేయడానికి కావలసిన సమాచారం ఇందులో ఉంటుంది. సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారి హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరుగా కదులుతుందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. ఆ తేడాకు కారణం బీటా గొలుసును కట్టే అమైనో ఆమ్లాలలో ఒకటైన గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో ఒకచోట మరొకటైన వాలీన్ చేరడమేనని 1957 నాటికి వెర్నన్ ఇంగ్రామ్ కేంబ్రిడ్జిలో తేల్చాడు. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారడం ఒక వ్యాధికి ఎలా దారి తీస్తుందో ఇంత స్పష్టంగా తెలిసిన ఉదాహరణలు తక్కువ. పైగా ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గిరిజన ప్రాంతాలలో ఈ వ్యాధి ఉంది. 2047 నాటికి దీనిని దేశంలో నిర్మూలించాలనే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ఒక జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. పరీక్షా కేంద్రం నుంచి వచ్చే జన్యు నివేదికను చదివి అర్థం చేసుకోగలవారు మన ప్రాంతంలో ఎంతమంది ఉంటే అంత మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

భాండాగారాలు, వాటి తీరు

1965లో మార్గరెట్ డేహాఫ్ బృందం అప్పటికి తెలిసిన 65 ప్రోటీన్ల సీక్వెన్స్‌లను ఒక పుస్తకంగా అచ్చు వేసింది. ప్రోటీన్ల త్రిమితీయ నిర్మాణాల కోసం 1971లో ప్రారంభమైన పీడీబీలో మొదట ఉన్నవి ఏడు నిర్మాణాలే. డీఎన్‌ఏ సీక్వెన్స్‌ల కోసం అమెరికాలో జెన్‌బ్యాంక్ 1982లో వచ్చింది. ఐరోపాలోని ఈఎన్‌ఏ, జపాన్‌లోని డీడీబీజే దానితో ప్రతిరోజూ సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి కనుక, ఒక పరిశోధకుడు ఈ మూడింటిలో ఎక్కడ సీక్వెన్స్‌ను జమ చేసినా మిగిలిన రెండింటిలోనూ అది కనిపిస్తుంది. మన దేశంలో ఇలాంటి జాతీయ భాండాగారంగా ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ 2022 నవంబరులో ఫరీదాబాద్‌లో ప్రారంభమైంది.

ఇక్కడ ఒక భేదాన్ని మొదటి రోజే మనసులో నాటుకోవాలి. జెన్‌బ్యాంక్ దాఖలు చేసినవారి మాటను దాఖలు చేసినట్లే దాచి ఉంచే చోటు. ఒకే జన్యువుకు అక్కడ పదుల కొద్దీ రికార్డులు ఉండవచ్చు, వాటిలో తప్పులు కూడా ఉండవచ్చు, దాఖలు చేసినవారు తప్ప వేరెవరూ వాటిని సాధారణంగా సవరించరు. రెఫ్‌సెక్, యూనిప్రాట్‌లోని స్విస్‌ప్రాట్ వంటివి అలా కాదు. అక్కడ నిపుణులు అందుబాటులో ఉన్న సమాచారాన్ని పరిశీలించి, సరిపోల్చి, ఒక ప్రామాణిక రికార్డును నిలబెడతారు. ప్రారంభకులు రెండో రకం నుంచి మొదలుపెట్టి, అవసరమైనప్పుడు మాత్రమే మొదటి రకానికి వెళ్లడం మేలు.

జన్యువు నుంచి ప్రోటీన్ దాకా

అమెరికాలోని ఎన్‌సీబీఐ వెబ్‌సైటు తెరిచి, పైనున్న జాబితాలో జీన్ అనే డేటాబేస్‌ను ఎంచుకుని, హెచ్‌బీబీ అని వెతకండి. ఈ పేరుగల జన్యువులు ఎన్నో జంతువులలో ఉన్నాయి కనుక ఫలితాలలో జీవి పేరు హోమో సేపియన్స్ అని ఉన్న దానినే తెరవండి. దాని గుర్తింపు సంఖ్య 3043. ఈ పేజీలో ముందుగా రాసుకోవలసినవి మూడు: జన్యువు 11వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంది, అందులో మూడు ఎక్సాన్లు (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి తీసే నకలైన ఎంఆర్‌ఎన్‌ఏలో నిలిచే భాగాలు) ఉన్నాయి, అది క్రోమోజోమ్‌లోని రెండు డీఎన్‌ఏ పోగులలో మైనస్ పోగు మీద ఉంది. ఈ మూడో విషయాన్ని కొత్తవారు తరచుగా దాటేసి వెళ్లిపోతారు, కానీ కాసేపట్లో మనం ఎదుర్కోబోయే చిక్కుకు తాళం చెవి అదే.

అదే పేజీలో కిందికి వెళ్తే రెఫ్‌సెక్ రికార్డులు కనిపిస్తాయి. వాటి పేర్లలోని మొదటి రెండు అక్షరాలే రికార్డు స్వభావాన్ని చెబుతాయి: ఎన్‌సీ అంటే పూర్తి క్రోమోజోమ్, ఎన్‌ఎం అంటే ఎంఆర్‌ఎన్‌ఏ, ఎన్‌పీ అంటే ప్రోటీన్. ఎక్స్‌ఎం, ఎక్స్‌పీ అని మొదలయ్యేవి కంప్యూటర్ అంచనా వేసిన నమూనాలు కనుక వాటిని వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. మనకు కావలసిన ఎంఆర్‌ఎన్‌ఏ రికార్డు ఎన్‌ఎం_000518. దాని పక్కన చుక్క తరువాత ఉండే అంకె కూర్పు సంఖ్య. సీక్వెన్స్‌లో ఒక్క అక్షరం మారినా ఆ అంకె పెరుగుతుంది, కాబట్టి నోటు పుస్తకంలో ఎప్పుడూ చుక్కతో సహా రాసుకోవాలి. చుక్కలేని సంఖ్యను మాత్రమే పేర్కొన్న నివేదికను తరువాతి కాలంలో ఎవరూ కచ్చితంగా పునఃపరిశీలించలేరు.

ఎన్‌ఎం_000518ను తెరిస్తే పొడవైన పాఠం కనిపిస్తుంది. పైభాగంలో రికార్డు వివరం, కూర్పు, జీవి, ఆధారంగా నిలిచిన ప్రచురణలు ఉంటాయి. మధ్యలో ఫీచర్స్ అనే పట్టిక, చివర అసలు సీక్వెన్స్ ఉంటాయి. ఫీచర్స్‌లో సీడీఎస్ అనే పంక్తిని వెతకండి. ప్రోటీన్‌గా అనువాదమయ్యే భాగం 51వ అక్షరం దగ్గర మొదలై 494వ అక్షరం దగ్గర ముగుస్తుందని అది చెబుతుంది. అంటే 444 అక్షరాలు, మూడేసి చొప్పున 148 కోడాన్లు. చివరిది ఆపమని చెప్పే కోడాన్ కనుక దానిని తీసివేస్తే మిగిలేవి 147 అమైనో ఆమ్లాలు. ఇలాంటి లెక్కను ఒక్కసారి చేత్తో వేసి చూస్తే రికార్డు మీద పట్టు వస్తుంది. ఆర్‌ఎన్‌ఏలో టి బదులు యు ఉండాలి కదా అన్న సందేహం మీకు వస్తే అది సరైన సందేహమే. డేటాబేస్‌లు ఏకరూపత కోసం ఎంఆర్‌ఎన్‌ఏను కూడా టి అక్షరంతోనే చూపిస్తాయి.

పేజీ పైన ఫాస్టా అనే లంకె నొక్కితే వివరాలన్నీ తొలగిపోయి, కోణపు గుర్తుతో (>) మొదలయ్యే ఒక శీర్షిక పంక్తి, దాని కింద సీక్వెన్స్ మాత్రమే మిగులుతాయి. దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ స్వీకరించే రూపం ఇదే. దీనిని దించుకుని, రికార్డు సంఖ్య పేరుతోనే ఫైలుగా భద్రపరచండి.

ఇప్పుడు యూనిప్రాట్‌కు వెళ్లి పీ68871 అని వెతకండి. ఇది మానవ బీటా గ్లోబిన్ ప్రోటీన్ రికార్డు. పేరు పక్కన బంగారు రంగు గుర్తు, రివ్యూడ్ అన్న మాట ఉంటే అది స్విస్‌ప్రాట్ రికార్డు, అంటే మనిషి పరిశీలించినది. స్విస్‌ప్రాట్‌లో ఉన్నవి సుమారు 5.7 లక్షల రికార్డులైతే, కంప్యూటర్ తనంతట తాను వివరించిన ట్రెంబుల్ విభాగంలో కోట్ల రికార్డులు ఉన్నాయి. ట్రెంబుల్‌లోని చాలా పేర్లు ఇంకో ప్రోటీన్‌తో పోలిక ఆధారంగా పెట్టినవి కనుక, మొదటి పేరు తప్పయితే ఆ తప్పు వరుసగా పాకుతుంది. అందుకే యూనిప్రాట్ పేజీలో ప్రతి వాక్యం చివర చూపించే ఆధారాన్ని నొక్కి, అది ప్రయోగం నుంచి వచ్చిందో, పోలిక నుంచి వచ్చిందో చూసే అలవాటు చేసుకోండి.

ఒకే మార్పు, వేర్వేరు సంఖ్యలు

సికిల్ సెల్ ఉత్పరివర్తనం ఏ స్థానంలో ఉంది? పాత వైద్య గ్రంథాలు ఆరో అమైనో ఆమ్లం అంటాయి. యూనిప్రాట్ ఏడో అమైనో ఆమ్లం అంటుంది. ప్రయోగశాల నివేదికలో 20వ అక్షరం అని ఉండవచ్చు, ఎంఆర్‌ఎన్‌ఏ రికార్డులో అదే 70వ అక్షరం. డీబీఎస్‌ఎన్‌పీ అనే వైవిధ్యాల డేటాబేస్‌లో దాని సంఖ్య ఆర్ఎస్334. ఆ పేజీలో 11వ క్రోమోజోమ్ మీద 5227002 అనే స్థానం ఉంటుంది, మార్పు ఎ నుంచి టికి కాకుండా టి నుంచి ఎకు అని రాసి ఉంటుంది. మొదటిసారి చూసేవారికి ఇవన్నీ వేర్వేరు ఉత్పరివర్తనాలుగా తోచడంలో ఆశ్చర్యం లేదు, అయినా అన్నీ ఒక్కటే. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం, ఎందుకంటే ఈ వ్యాసంలో మీరు తప్పక సాధన చేయవలసిన భాగం ఇదే.

ప్రోటీన్ తయారైనప్పుడు దాని మొదటి అమైనో ఆమ్లం మెథియోనిన్. బీటా గ్లోబిన్‌లో అది తరువాత తెగిపోతుంది. యూనిప్రాట్ పేజీలో ప్రాసెసింగ్ అనే విభాగం చూస్తే ఒకటో స్థానంలోని మెథియోనిన్ తొలగుతుందని, తుది గొలుసు 2 నుంచి 147 వరకు అని కనిపిస్తుంది. ఇంగ్రామ్ కాలంలో శాస్త్రవేత్తలు రక్తం నుంచి తీసిన ప్రోటీన్‌ను నేరుగా విశ్లేషించారు కనుక వారి లెక్కలో వాలీన్ ఒకటోది, మారిన గ్లుటామిక్ ఆమ్లం ఆరోది. నేటి అంతర్జాతీయ నామకరణ నియమాలు మెథియోనిన్ నుంచే లెక్కపెట్టమంటాయి కనుక అది ఏడోది అయింది. రెండు లెక్కలూ ఈనాటికీ వాడుకలో ఉన్నాయి.

ఏడో కోడాన్ అంటే అనువాద భాగంలో 19, 20, 21 అక్షరాలు. అక్కడ ఉండవలసినది జి-ఎ-జి. మధ్యలోని ఎ స్థానంలో టి వస్తే అది జి-టి-జి, అంటే వాలీన్. అనువాద భాగానికి ముందు ఎంఆర్‌ఎన్‌ఏలో 50 అక్షరాలు ఉన్నాయి కనుక, రికార్డు మొదటి నుంచి లెక్కపెడితే ఆ 20వ అక్షరమే 70వది అవుతుంది. జన్యువు మైనస్ పోగు మీద ఉంది కదా. క్రోమోజోమ్‌ను ఎప్పుడూ ప్లస్ పోగు వైపు నుంచే చదువుతారు కనుక జన్యువులోని ఎకు ఎదురుగా అక్కడ టి, టికి ఎదురుగా ఎ కనిపిస్తాయి.

క్రోమోజోమ్ స్థానం విషయంలో మరొక మెలిక ఉంది. 5227002 అన్నది జీఆర్‌సీహెచ్38 అనే జీనోమ్ కూర్పులోని సంఖ్య. దానికి ముందున్న జీఆర్‌సీహెచ్37లో అదే చోటు 5248232. మన పట్టణాలలో ఇంటి గోడ మీద పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ రాసి ఉన్నట్లే ఇది కూడా. ఇల్లు కదలలేదు, లెక్క మారింది. కొన్ని ప్రయోగశాలలు పాత కూర్పునే ఇంకా వాడుతున్నాయి కనుక, కూర్పు పేరు లేకుండా ఇచ్చిన స్థాన సంఖ్యను అంగీకరించకండి.

ఆర్ఎస్334ను ఐరోపా వారి ఎన్‌సెంబుల్ డేటాబేస్‌లో వెతికి, పాపులేషన్ జెనెటిక్స్ అనే విభాగం తెరిస్తే వేర్వేరు జనసమూహాలలో ఆ మార్పు ఎంత తరచుగా కనిపించిందో చూడవచ్చు. అక్కడ ఐటీయూ అనే వరుస తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తికరం. 2015లో ముగింపు ఫలితాలు ప్రకటించిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టు 26 జనసమూహాల నుంచి 2,504 మంది జీనోమ్‌లను సేకరించింది. అందులో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు 102 మంది ఒక సమూహంగా ఉన్నారు. అయితే ఆ 102 మందిని చూసి తెలుగు నేల మొత్తం గురించి నిర్ధారణకు రాకూడదు. ఈ మార్పు ఎక్కువగా ఉన్నది గిరిజన సమాజాలలో. బ్రిటన్‌లో సేకరించిన నమూనా వారికి ప్రాతినిధ్యం వహించదు. ఆ వరుసలో సున్నా కనిపించినా, అది ఆ 102 మందికి సంబంధించిన సున్నా మాత్రమే.

వ్యాధితో సంబంధం ఎంత బలంగా రుజువైందో తెలుసుకోవడానికి క్లిన్‌వార్ చూడండి. అక్కడ ఒక్కో మార్పుకు నక్షత్రాల గుర్తులు ఉంటాయి. నక్షత్రాలు లేని రికార్డులో వ్యాధికారకం అని ఉన్నా దానిని పట్టుకుని ఎవరికీ సలహా చెప్పకూడదు.

బ్లాస్ట్‌తో పోలికలు వెతకడం

మన చేతిలో ఒక సీక్వెన్స్ ఉంది, దానిని పోలినవి ఇంకెక్కడ ఉన్నాయి అన్నది బయోఇన్ఫర్మాటిక్స్‌లో అన్నింటికంటే తరచుగా ఎదురయ్యే ప్రశ్న. దానికి 1990లో వచ్చిన బ్లాస్ట్ నేటికీ మొదటి పనిముట్టు. రెండు సీక్వెన్స్‌లను అక్షరం అక్షరం చొప్పున ఉత్తమంగా సరిపోల్చే పద్ధతులు అంతకు ముందే ఉన్నాయి: 1970 నాటి నీడిల్‌మన్-వున్ష్, 1981 నాటి స్మిత్-వాటర్‌మన్. కానీ పెద్ద డేటాబేస్ మొత్తాన్ని వాటితో గాలించడం చాలా నెమ్మది. బ్లాస్ట్ ముందుగా పొట్టి ముక్కల పోలికలను పట్టుకుని, అక్కడి నుంచి రెండు వైపులా పొడిగిస్తుంది.

పీ68871 ప్రోటీన్ సీక్వెన్స్‌ను ఫాస్టా రూపంలో తీసుకుని, ఎన్‌సీబీఐ బ్లాస్ట్ పేజీలో ప్రోటీన్ బ్లాస్ట్ ఎంచుకుని అతికించండి. డేటాబేస్‌గా మొదటిసారి స్విస్‌ప్రాట్‌నే ఎంచుకోండి. పెద్దదైన ఎన్‌ఆర్ ఎంచుకుంటే ఒకే రకమైన ఫలితాలు వందల కొద్దీ వచ్చి అసలు చిత్రం కనపడదు. ఫలితాలలో మానవ రికార్డుతో పాటు చింపాంజీ బీటా గ్లోబిన్ కూడా నూరు శాతం సరిపోతుంది, ఎందుకంటే ఆ రెండు జాతులలో ఈ ప్రోటీన్ అచ్చంగా ఒకటే. గొరిల్లాలో ఒక అమైనో ఆమ్లం తేడా. కొంచెం కిందికి వస్తే మనిషిలోనే ఉన్న డెల్టా గ్లోబిన్ సుమారు 93 శాతం సామ్యంతో కనిపిస్తుంది, ఇంకా కిందికి ఆల్ఫా గ్లోబిన్ 40 శాతానికి కాస్త పైన ఉంటుంది.

పట్టికలో శాతాన్ని మాత్రమే చూసి ఆగిపోకండి. దాని పక్కన క్వెరీ కవరేజ్ ఉంటుంది. మీ సీక్వెన్స్‌లో ఎంత భాగం సరిపోలిందో అది చెబుతుంది. 20 అక్షరాల చిన్న ముక్కలో 90 శాతం సామ్యం ఉండటం కంటే మొత్తం పొడవునా 40 శాతం ఉండటం చాలా బలమైన సాక్ష్యం. ఇక ఈ-వాల్యూ అన్నది, ఇంత పరిమాణంగల డేటాబేస్‌లో ఇంత మంచి స్కోరు, లేదా ఇంతకంటే మంచి స్కోరు, కేవలం యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు వస్తుందని ఆశించవచ్చో చెప్పే సంఖ్య. అది ఎంత చిన్నదైతే అంత మంచిది. డేటాబేస్ పరిమాణం మారితే అదే పోలికకు ఈ-వాల్యూ కూడా మారుతుంది కనుక, వేర్వేరు డేటాబేస్‌లలో వచ్చిన ఈ-వాల్యూలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. చాలా పొట్టి సీక్వెన్స్ నిజంగానే సరిపోలినా దాని ఈ-వాల్యూ పెద్దదిగానే ఉండవచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మరొక మాట వాడుకలో తరచుగా తప్పుతుంది. రెండు ప్రోటీన్లు 43 శాతం హోమోలాగస్ అనకూడదు. హోమాలజీ అంటే ఉమ్మడి పూర్వీకత. అది ఉంటుంది లేదా ఉండదు. శాతంలో కొలిచేది సామ్యాన్ని, ఆ సామ్యం నుంచి మనం తీసే తీర్మానం హోమాలజీ.

మీ దగ్గర ఉన్నది ప్రోటీన్ కాక, ఏ ప్రోటీన్‌కు సంబంధించిందో తెలియని డీఎన్‌ఏ ముక్క అయితే బ్లాస్ట్‌ఎక్స్ వాడండి. అది మూడేసి అక్షరాల లెక్కను ఎక్కడ మొదలుపెట్టినా, రెండు పోగులలో దేనిని చదివినా వచ్చే ఆరు చట్రాలలోనూ అనువదించి ప్రోటీన్ డేటాబేస్‌లో వెతుకుతుంది. వచ్చిన ఫలితాలలో నాలుగైదింటిని ఎంచుకుని, సీక్వెన్స్‌లను వరుసగా అమర్చే క్లస్టల్ ఒమేగా అనే ప్రోగ్రామ్‌లో ఒకదాని కింద ఒకటి అమర్చి చూస్తే, ఏ స్థానాలు పరిణామక్రమంలో మారకుండా నిలిచాయో కంటికి కనిపిస్తుంది.

ఆకారాన్ని చూడటం

గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తే ఏమవుతుంది అన్నదానికి సీక్వెన్స్ ఒక్కటే సమాధానం చెప్పదు. పీడీబీలో 2హెచ్‌బీఎస్ అనే నిర్మాణాన్ని తెరవండి. ఆక్సిజన్ విడిచిన స్థితిలో ఉన్న సికిల్ హీమోగ్లోబిన్ నిర్మాణం అది, 2.05 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో. పేజీలోనే ఉన్న త్రిమితీయ చూపులో బీటా గొలుసులను ఎంచుకుని వాలీన్ స్థానానికి వెళ్లండి. ఇక్కడ దాని సంఖ్య 6, యూనిప్రాట్‌లో లాగా 7 కాదు. పాత లెక్క ఇక్కడ మళ్లీ ఎదురవుతుంది. ఆ వాలీన్ అణువు ఉపరితలం మీద ఉండి, పక్కనున్న మరో హీమోగ్లోబిన్ బీటా గొలుసులోని 85వ ఫినైల్‌అలనీన్, 88వ లూసీన్ ఏర్పరచిన నీటిని ఇష్టపడని గుంటలో ఇమిడిపోతుంది. విద్యుదావేశంగల గ్లుటామిక్ ఆమ్లం అక్కడ అలా ఇమడలేదు. ఇలా ఒక అణువు మరొకదానిని పట్టుకుంటూ పోగా పొడవైన పోగులు ఏర్పడి, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. మామూలు హీమోగ్లోబిన్‌తో పోల్చడానికి 4హెచ్‌హెచ్‌బీని పక్కన తెరిచి ఉంచండి.

ప్రయోగం ద్వారా తెలిసిన నిర్మాణం లేని ప్రోటీన్లకు ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ ఎంతో ఉపయోగపడుతుంది. 2022లో అందులోని అంచనాల సంఖ్య 20 కోట్లు దాటింది. అవి అంచనాలే కనుక పీఎల్‌డీడీటీ అనే విశ్వాస సూచిక చూడాలి: 90కి పైన ఉన్న భాగం నమ్మదగినది, 50కి కింద ఉన్న భాగపు ఆకారాన్ని పట్టించుకోకపోవడమే మంచిది. ఒక్క అమైనో ఆమ్లం మారితే కలిగే ప్రభావాన్ని చెప్పడానికి ఆ నమూనాలను ఉద్దేశించలేదు.

ప్రతి వెతుకులాటకు తేదీ, డేటాబేస్ పేరు, దాని విడుదల సంఖ్య, చుక్కతో సహా రికార్డు సంఖ్య, జీనోమ్ కూర్పు, బ్లాస్ట్‌లో మార్చిన అమరికలు నోటు పుస్తకంలో రాయండి. ఆరు నెలల తరువాత డేటాబేస్ పెరిగి ఫలితం మారినప్పుడు ఈ వివరాలే ఆదుకుంటాయి. రోగుల నుంచి వచ్చిన సీక్వెన్స్‌లను పేరు, వివరాలతో సహా బహిరంగ వెబ్ పేజీలలో ఎన్నడూ అతికించకండి. ఈ పనులు చేత్తో బాగా వచ్చిన తరువాత బయోపైథాన్ అనే పైథాన్ ఉపకరణాల సాయంతో ప్రోగ్రామ్ ద్వారా రికార్డులు దించుకోవచ్చు. ఎన్‌సీబీఐ సర్వర్‌ను ఏపీఐ కీ (వాడుకరిని గుర్తించే సంకేతం) లేకుండా సెకనుకు మూడు సార్లకు మించి, కీ ఉంటే పది సార్లకు మించి అడగకూడదు.

సాధనకు హీమోగ్లోబిన్ ఈ అనే మరొక మార్పును తీసుకోండి. దాని డీబీఎస్‌ఎన్‌పీ సంఖ్య ఆర్ఎస్33950507, అనువాద భాగంలో 79వ అక్షరం జి స్థానంలో ఎ వస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏ రికార్డులో అది ఎన్నో అక్షరమో, యూనిప్రాట్‌లో ఎన్నో అమైనో ఆమ్లమో, పాత లెక్కలో ఎన్నోదో, ప్లస్ పోగు మీద మార్పు ఏ అక్షరం నుంచి ఏ అక్షరానికో ముందు కాగితం మీద తేల్చండి. ఆ తరువాత డేటాబేస్‌లు తెరిచి సరిచూసుకోండి. యూనిప్రాట్ లెక్కలో మీకు 27, పాత లెక్కలో 26 రావాలి.